టై ముడి మరచిపోయిన చేతులు

ఎప్పుడో చదివిన నవల కథ చాలావరకు చెరిగిపోతుంది. పాత్రల పేర్లు పోతాయి, ఎవరు ఎవర్ని పెళ్లాడారో పోతుంది, చివర ఏమైందో కూడా సరిగ్గా గుర్తుండదు. ముసలితనం మీదా చావు మీదా రాసిన పుస్తకాల్లో మాత్రం ఒకటో రెండో చిన్న పనులు ఎన్నేళ్లయినా అలాగే ఉండిపోతాయి. అద్దం ముందు నిలబడి టై కట్టుకోవడం మరచిపోయిన ఉద్యోగి. భార్య బతికుండగానే కొలతలు తీసుకుని శవపేటిక చేసి, ఆ ఖర్చు ఖాతాలో రాసుకున్న ముసలాయన. మేడమీద తండ్రి కన్నుమూస్తుంటే కింద అతిథుల గ్లాసులు నింపుతూ తిరిగిన బట్లర్. నౌకరు భుజాల మీద కాళ్లు ఆనించుకుంటే తప్ప నొప్పి తగ్గని జడ్జి. ఆ పుస్తకాల్లో జీవితం గురించి గొప్ప మాటలు లేకపోలేదు. కానీ తలచుకోగానే ముందుకొచ్చేవి ఈ పనులే. ఇలా ఎందుకు జరుగుతుంది, ఆ రచయితలు ఏం చేసి దీన్ని సాధించారు అన్నది ఎంత తలచుకున్నా తనివి తీరని విషయం.

మొదట ఆ టై సంగతి. యసునారి కవబాతా 1949 నుంచి 1954 దాకా విడివిడి భాగాలుగా ప్రచురించిన నవల ‘ది సౌండ్ ఆఫ్ ద మౌంటెన్’ పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. అందులో కథానాయకుడు షింగోకి 62 ఏళ్లు. కామకురాలో ఇల్లు, టోక్యోలో ఆఫీసు, రైల్లో రాకపోకలు. నవల మొదట్లోనే ఒక రాత్రి కొండ లోపలి నుంచి వచ్చే శబ్దం విని, అది తన చావుకు సూచనేమోనని బెదిరిపోతాడు. చాలామంది ఈ నవల గురించి మాట్లాడేటప్పుడు ఆ శబ్దాన్నే చెబుతారు. నా మటుకు నాకు అంతకంటే భయం కలిగించింది, ఆఖరి భాగాల్లో ఒక పొద్దున ఆఫీసుకు తయారవుతుండగా జరిగేది. టై మెడలో వేసుకుంటాడు, చేతులు ఆగిపోతాయి. ఏ కొస దేని మీదుగా పోవాలో తెలియదు. 40 ఏళ్లుగా ప్రతి పొద్దునా చేసిన పని అది. చివరికి ఇంట్లో ఆడవాళ్ల సాయం కావలసి వస్తుంది.

కవబాతా ఇక్కడ ఎంచుకున్న పనిని కాస్త పరీక్షగా చూడాలి. రోజూ చేసేది. దశాబ్దాలుగా చేస్తున్నది. ఆలోచించకుండా చేసేది. పక్కవాళ్లకు కనిపించేది. ఈ నాలుగూ కలిసిన పని దొరికితే ముసలితనాన్ని చూపడానికి ఇంకేమీ అక్కర్లేదు. పేర్లు మరచిపోవడం, నుదుటి మీద కళ్లజోడు పెట్టుకుని ఇల్లంతా వెతకడం ఎందుకు పనికిరావంటే, అవి పాతికేళ్లవాళ్లకూ జరుగుతాయి, పైగా వాటికి నవ్వొస్తుంది. చేతులు తమ పనిని మరచిపోవడం వేరు. మనం గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేకుండా ఒళ్లే గుర్తుపెట్టుకుంటుందని నమ్మిన సంగతి అది. అందుకే షింగో కంగారు చదివేవాడి ఒంట్లోకి కూడా దిగుతుంది.

చాలా కథలు ఇక్కడే దెబ్బతింటాయి. ముసలి పాత్ర రాగానే మోకాళ్ల నొప్పి, చూపు మందగించడం, చెవుడు, నిద్రపట్టకపోవడం, చేతి వణుకు అన్నీ ఒకే పేరాలో వచ్చేస్తాయి. చదివేవాడికి జబ్బుల పట్టీ కనబడుతుంది, మనిషి కనబడడు. ఒకే ఒక లోపాన్ని తీసుకుని కథలో మూడు చోట్ల, మూడు రకాలుగా చూపిస్తే నిలుస్తుంది. మొదటిసారి అది ఎవరి కంటా పడదు. రెండోసారి ఆ మనిషికి మాత్రమే తెలుస్తుంది. మూడోసారి ఇంకొకరు చూస్తారు. ఆ మూడోసారి మీదే కథ మలుపు తిరుగుతుంది, ఎందుకంటే ముసలితనంలో అసలు అవమానం పక్కవాళ్ల చూపులో ఉంటుంది.

కజువో ఇషిగురో ‘ది రిమైన్స్ ఆఫ్ ద డే’ (1989) లో ఇదే పద్ధతి కళ్లకు కట్టినట్టు ఉంటుంది. కథ చెప్పే స్టీవెన్స్ ఒక ఇంగ్లీషు ప్రభువు ఇంట్లో బట్లర్, అంటే నౌకర్లందరికీ పెద్ద. అతని తండ్రి కూడా బట్లరే. డెబ్బై దాటిన వయసులో కొడుకు దగ్గరే, అదే ఇంట్లో, కింది ఉద్యోగంలో చేరతాడు. మొదట చిన్న చిన్న తప్పులు. వాటిని ఆ ఇంటి హౌస్‌కీపర్ మిస్ కెంటన్ పసిగట్టి చూపిస్తే కొడుకు ఒప్పుకోడు. తర్వాత ఒకరోజు టీ సామాను ఉన్న ట్రేతో, తోటలో రాతిపలకలు పరిచిన మెట్ల దగ్గర బోర్లా పడిపోతాడు. ఆ తర్వాతదే అసలు దృశ్యం. ఒక సాయంత్రం ఆ పెద్దాయన ఎవరూ చూడటం లేదనుకుని అదే మెట్ల దగ్గర పైకీ కిందికీ నడుస్తూ, నేలకేసి చూస్తూ, తాను ఎక్కడ తడబడ్డాడో తేల్చుకోవాలని చూస్తుంటాడు. పారేసుకున్న నగ కోసం వెతుకుతున్నట్టు ఉందని మిస్ కెంటన్‌కు అనిపిస్తుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె ఉత్తరంలో ఆ మాట వస్తుంది. తప్పు రాయిదే తప్ప కాలిది కాదని రుజువు చేసుకోవాలనే ఆ పట్టుదల చూశాక, ఆ పెద్దాయన గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. రచయిత చెప్పడు కూడా.

ఇక ఆ శవపేటిక లెక్క. రష్యన్ రచయిత చెహోవ్ 1894లో రాసిన ‘రోత్‌షీల్డ్ ఫిడేలు’ కొద్ది పేజీల కథ. పశ్చాత్తాపం గురించి రాయాలనుకునేవాళ్లు దీన్ని విప్పి ఒక్కొక్క భాగం బయటపెట్టి, మళ్లీ బిగించి చూడాలి.

యాకొవ్ ఒక చిన్న ఊళ్లో శవపేటికలు చేసి బతుకుతాడు. 70 ఏళ్లు. ఫిడేలు వాయిస్తాడు. నష్టాలు రాసుకోవడానికి ఒక పుస్తకం పెట్టుకుంటాడు. ఆదివారాలు, పండగలు, పనికి మంచిది కాదనుకునే సోమవారాలు తీసేస్తే ఏడాదిలో 200 రోజుల దాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి, అదంతా నష్టమే. ఊళ్లో ఎవరైనా పెద్దమనిషి వేరే ఊరికి వెళ్లి చనిపోతే ఆ పేటిక బేరం పోయింది కాబట్టి అదీ నష్టమే. రాత్రుళ్లు ఈ నష్టాలు తలచుకుని నిద్రపట్టకపోతే పక్కనే పెట్టుకున్న ఫిడేలు తీగలు మీటుతాడు.

భార్య మార్ఫా జబ్బు పడుతుంది. పోతున్నానని తెలిసి ఆమె ముఖంలో ఆనందం కనబడుతుంది. ఆ గుడిసె నుంచీ, పేటికల నుంచీ, యాకొవ్ నుంచీ విడుదల దొరుకుతోందన్న ఆనందం. అది చూసి అతనికి మొదటిసారి గుర్తొస్తుంది, తన జీవితంలో ఒక్కసారి కూడా ఆమెను దగ్గరకు తీసుకోలేదని, జాలి పడలేదని. ఖర్చు ఎక్కువని టీ కూడా తాగనివ్వలేదు. ఆమె వేడినీళ్లు తాగేది. ఇంతవరకు చదివితే ఇక కన్నీళ్లే అనుకుంటాం. చెహోవ్ అలా చేయడు. రాబోయే రోజులు వరసగా పండగలు, పని చేయకూడదు. ఆమె ఈలోగా పోయేలా ఉంది. కాబట్టి యాకొవ్ ఇనప గజంబద్ద తెచ్చి బతికున్న భార్యను కొలిచి పేటిక చేసేస్తాడు. పని అయ్యాక పుస్తకం తీసి, మార్ఫా ఇవానొవాకు పేటిక, 2 రూబుళ్ల 40 కోపెక్కులు అని రాసి నిట్టూరుస్తాడు.

ఆ సాయంత్రం ఆమె అతన్ని పిలుస్తుంది. 50 ఏళ్ల కిందట దేవుడు మనకొక పసిబిడ్డను ఇచ్చాడు, బంగారు రంగు జుట్టు, గుర్తుందా, నది ఒడ్డున విల్లో చెట్టు కింద కూర్చుని పాటలు పాడుకునేవాళ్లం అంటుంది. బిడ్డ పోయింది అంటుంది. అతనికి ఎంత ఆలోచించినా గుర్తు రాదు. నీకేదో భ్రమ అంటాడు. తెల్లవారేసరికి ఆమె పోతుంది. ఖననం అయ్యాక ఊరికే నడుస్తూ నది ఒడ్డుకు వెళితే, తొర్రపడ్డ ముసలి విల్లో చెట్టు కనిపిస్తుంది. అప్పుడు ఆ బిడ్డ గుర్తొస్తుంది. ఆ నది మీద చేపలు పట్టి అమ్ముకుని ఉండొచ్చు, బాతులు పెంచి ఉండొచ్చు, ఏమీ చేయలేదు, ఎంత నష్టం అని మళ్లీ లెక్కల్లోకే వెళతాడు.

ఈ కథ పనితనం అంతా ఆ లెక్కల పుస్తకంలో ఉంది. యాకొవ్‌కు ప్రేమ గురించి మాట్లాడే భాష లేదు, నష్టం గురించి మాట్లాడే భాష ఉంది. చెహోవ్ అతని చేత అతనికి రాని భాష మాట్లాడించడు. చివరి దాకా నష్టమనే మాటతోనే నడిపిస్తాడు, కానీ ఆ మాటలో పట్టే బరువు మాత్రం పెరుగుతూ పోతుంది. మొదట పోయిన బేరాలు, తర్వాత పోయిన అవకాశాలు, తర్వాత పోయిన మనుషులు. ఆఖరికి, చావులో లాభమే కదా, తిననక్కర్లేదు, పన్నులు కట్టనక్కర్లేదు, ఒకర్ని నొప్పించనక్కర్లేదు, పైగా సమాధిలో వేల ఏళ్లు పడుకోవాలి కాబట్టి లాభం ఎంతో ఎక్కువ అని లెక్క తేలుస్తాడు. పాత్ర తన వృత్తి భాషలోనే విలపించాలి. రైతు అయితే పంట భాషలో, దర్జీ అయితే బట్ట భాషలో. అందరి నోటా ఒకే రకం సాహిత్య భాష పలికిస్తే, ఎంత మంచి వాక్యమైనా అది రచయిత దుఃఖం అవుతుంది.

పశ్చాత్తాపం కథలో పండాలంటే దానికి కావలసినవి ఈ రెండు కథల్లోంచే తీసుకోవచ్చు. అప్పట్లో ఇంకో దారి తెరిచే ఉండాలి. ఆ దారిన వెళ్లకపోవడానికి ఆ రోజుకు సరైనదిగా తోచిన కారణం ఉండాలి. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ రోజును తిరిగి ముందు నిలబెట్టే వస్తువో చోటో ఉండాలి. వీటిలో ఎక్కువగా జారిపోయేది మధ్యది. కారణం లేకపోతే పాత్ర తెలివితక్కువవాడిగా మిగులుతాడు, మనకు జాలి కలగదు. కారణం మరీ నీచమైనదైతే పడ్డ శిక్ష తగినదే అనిపిస్తుంది, అప్పుడూ జాలి కలగదు. యాకొవ్‌ది పేదవాడి పొదుపు. స్టీవెన్స్‌ది వృత్తి గౌరవం. రెండూ మంచి గుణాలే. మంచి గుణం మనిషిని తినేయడం కంటే భరించలేని విషయం సాహిత్యంలో తక్కువ.

స్టీవెన్స్ దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే పశ్చాత్తాపాన్ని చెప్పకుండా చూపడంలో ఇషిగురో చేసినంత పని చేసినవాళ్లు కొద్దిమందే. నవల జరిగేది 1956 జులైలో, ఆరు రోజుల కారు ప్రయాణంగా. జ్ఞాపకాలు మాత్రం రెండు యుద్ధాల మధ్య కాలానివి. 1923లో ఆ ఇంట్లో పెద్ద అంతర్జాతీయ సమావేశం జరుగుతున్నప్పుడు పైగదిలో తండ్రి చనిపోతుంటాడు. స్టీవెన్స్ కింద వడ్డన ఆపడు. కథ చెబుతున్నది తనే, తను ఏడ్చానని ఎక్కడా చెప్పడు. మరి మనకెలా తెలుస్తుంది? అతిథి ఒకరు ఒంట్లో బాగానే ఉందా అని అడుగుతాడు. ఆ వెనకే యజమాని లార్డ్ డార్లింగ్టన్ వచ్చి, ఏడుస్తున్నట్టున్నావే అంటాడు. స్టీవెన్స్ క్షమాపణ అడిగి, రోజంతా పని ఒత్తిడి అంటాడు. అంతే. నేను అనే గొంతుతో చెప్పే కథలో, చెప్పేవాడు దాచుకున్నదాన్ని పక్కపాత్రల ఒక్క మాట బయటపెట్టడం ఈ పద్ధతి. ఆ రెండు మూడు సంభాషణలు తీసేస్తే, ఆ పేజీల్లో దుఃఖం పూర్తిగా మాయమవుతుంది. రాసేవాళ్లు ఆ పరీక్ష చేసి చూసుకోవచ్చు.

ఇంకొక సంగతి చాలామంది తేలిగ్గా దాటేస్తారు. స్టీవెన్స్ పోగొట్టుకున్నది మిస్ కెంటన్ ప్రేమ ఒక్కటే అయితే ఆ నవల ఇంత కాలం నిలిచేది కాదు. ఆ యజమాని నాజీ జర్మనీకి దగ్గరయ్యాడు. ఇద్దరు యూదు పనమ్మాయిల్ని ఉద్యోగం నుంచి తీసేయమంటే స్టీవెన్స్ మారు మాట్లాడకుండా తీసేశాడు. తను నమ్మి సేవించిన మనిషే తప్పు మనిషైతే, ఆ నమ్మకంలో ఖర్చయిపోయిన ఏళ్లన్నీ ఏమైపోవాలి? చేయని పనుల మీద పశ్చాత్తాపం ఎవరికైనా ఉంటుంది. శ్రద్ధగా, నిష్ఠగా, ఎంతో బాగా చేసిన పనుల మీద పశ్చాత్తాపం అంతకంటే లోతైనది. దాన్ని రాసినవాళ్లు తక్కువ.

టాల్‌స్టాయ్ రాశాడు. 1886లో అచ్చయిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ 12 చిన్న అధ్యాయాలు. చావును కథలో ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నకు అందులో దొరికిన జవాబును ఆ తర్వాతి వాళ్లు ఎందరో వాడుకున్నారు. జడ్జి ఇవాన్ ఇల్యీచ్ పోయాడని మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది. కోర్టులో తోటి ఉద్యోగులు పేపర్లో నల్ల అంచు ప్రకటన చూస్తారు. చూడగానే వాళ్లకు తోచేది, ఖాళీ అయిన ఉద్యోగం వల్ల ఎవరికి ప్రమోషన్ వస్తుందా అని. పలకరించడానికి వెళ్లిన స్నేహితుడు కూర్చున్న మెత్తటి ఆసనం స్ప్రింగులు కిందా మీదా అవుతుంటాయి, భార్య నల్ల లేసు బల్ల చెక్కడానికి చిక్కుకుంటుంది, ఆమె ఏడుస్తూనే ప్రభుత్వం నుంచి ఇంకా ఎంత డబ్బు రాబట్టొచ్చని అడుగుతుంది. చావు ముందే తెలిసిపోయింది కాబట్టి, ఏమవుతుంది అనే ఆత్రుత చదివేవాడికి ఉండదు. ఎలా అయింది, ఎందుకిలా బతికాడు అని చూడటమే మిగులుతుంది. ఫిలిప్ రాత్ 2006లో ‘ఎవ్రీమన్’ను సమాధి దగ్గర మొదలుపెట్టింది కూడా ఈ దారిలోనే.

జబ్బు మొదలైన తీరు చూడండి. కొత్త ఇంట్లో కర్టెన్లు ఎలా వేలాడాలో పనివాడికి చూపించడానికి నిచ్చెన ఎక్కి, కాలు జారి, కిటికీ పిడికి పక్కటెముకల వైపు తగిలించుకుంటాడు. దెబ్బ చిన్నది, అతనే తేలిగ్గా తీసుకుంటాడు. గొప్ప ఇంటి మీది మోజే చావుకు తలుపు తీసిందని రచయిత ఎక్కడా అనడు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళితే, తను కోర్టులో ముద్దాయిల ముందు ఎంత హుందాగా, ఎంత దూరంగా కూర్చునేవాడో, ఆ డాక్టరు తన ముందు సరిగ్గా అలాగే కూర్చుంటాడు. ప్రాణం పోతుందా ఉంటుందా అని ఇతను అడిగితే, మూత్రపిండమా పేగా అనే చర్చ చేస్తాడు ఆయన. ఇవాన్ ఇల్యీచ్ జీవితం మీద ఇంతకంటే కఠినమైన తీర్పు ఆ పుస్తకంలో లేదు.

కాలం నడక మీద కూడా కన్నేయాలి. రెండో అధ్యాయం ఏళ్లకు ఏళ్లు పరుగెత్తుతుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి, బదిలీలు. తర్వాత నెలలు, తర్వాత వారాలు, చివర మూడు రోజులు, ఆఖరికి గంటలు. చావు దగ్గరపడుతున్న మనిషికి కాలం ఎలా బిగుసుకుంటుందో చదివేవాడికి కూడా అలాగే అనిపిస్తుంది. జీవితమంతా ఒకే వేగంతో చెప్పి, ఆఖరి పేజీలో చంపేసే కథల్లో చావు అందుకే అతకదు. పుట్టుక నుంచి అరవయ్యో ఏడు దాకా పాతిక పేజీలు, చావుకు అర పేజీ ఇస్తే అది వార్తలా ఉంటుంది.

ఆ పుస్తకంలో అందరికంటే ఊరటనిచ్చేది గెరాసిమ్. పల్లెటూరి కుర్రవాడు, మలమూత్రాలు ఎత్తుతాడు, రాత్రంతా అయ్యగారి కాళ్లు భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు. అందరం పోయేవాళ్లమే, ఈ మాత్రం శ్రమకేం అంటాడు. మిగతావాళ్లందరూ తగ్గిపోతుందని అబద్ధం ఆడుతుంటే, ఆ అబద్ధమే ఇవాన్ ఇల్యీచ్‌ను నొప్పికంటే ఎక్కువగా చంపుతుంటే, ఇతనొక్కడే నిజం ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు కాళ్లు పట్టుకునే పనిలో ఉంటుంది. ఆఖరున చీకటి పోయి వెలుగు కనబడే వాక్యాలను ఎందరో అనుకరించారు. వాళ్లు వెలుగు తీసుకున్నారు, దానికి ముందున్న మూడు రోజుల ఎడతెగని అరుపులు తీసుకోలేదు. అరుపుల్లేని ఆ వెలుగు కాలండరు బొమ్మలా ఉంటుంది.

రష్యాలోని టూలాలో కోర్టులో పనిచేసి 1881లో చనిపోయిన ఇవాన్ ఇల్యీచ్ మెచ్నికొవ్ ఈ పాత్రకు మూలం. అతని తమ్ముడు ఇల్యా మెచ్నికొవ్ శాస్త్రవేత్త, 1908లో నోబెల్ అందుకున్నాడు. ముసలితనాన్ని చదివే శాస్త్రానికి జెరంటాలజీ అని పేరు పెట్టిందీ ఈ తమ్ముడే. అన్న నవలకు వస్తువయ్యాడు, తమ్ముడు అదే విషయాన్ని శాస్త్రం చేశాడు.

లోపలినుంచి చావును చెప్పడం టాల్‌స్టాయ్ పద్ధతి. పూర్తిగా బయటినుంచి చెప్పడం ఇంకోటి. థామస్ మన్ తన 26వ ఏట అచ్చువేసిన ‘బుడెన్‌బ్రూక్స్’ (1901) లో, కుర్రాడు హానో చనిపోయే అధ్యాయం టైఫాయిడ్ ఎలా నడుస్తుందో వైద్యగ్రంథంలా వివరిస్తుంది. వారాలవారీగా లక్షణాలు వస్తాయి, కన్నీళ్లు రావు. వర్జీనియా వుల్ఫ్ ‘టు ద లైట్‌హౌస్’ (1927) లో ఇంటికంతటికీ ప్రాణమైన మిసెస్ రామ్సే చావును బ్రాకెట్ల మధ్య ఒక్క వాక్యంలో ముగిస్తుంది. భర్త ఒక చీకటి పొద్దున చేతులు చాచాడు, ఆమె ముందు రాత్రే పోవడంతో ఆ చేతులు ఖాళీగా ఉండిపోయాయి. అంత పెద్ద పాత్రను అలా దాటేయడం చదివినప్పుడు కోపం వస్తుంది. ఆ తర్వాత పుస్తకమంతా ఆమె లేని లోటు ఎంత పెరుగుతుందో చూశాక గానీ ఆ బ్రాకెట్ల పని అర్థం కాదు. ఇది చేయాలంటే ముందు ఆ మనిషిని వందకు పైగా పేజీలు ప్రేమించేలా రాసి ఉండాలి. చిన్న కథలో ఈ ఎత్తు వేస్తే ఎవరో పోయారని తెలుస్తుంది, అంతే.

చావు, పశ్చాత్తాపం గురించి ఇంత చెప్పాక ఒంటి మీది ఇష్టాన్ని వదిలేయడం అన్యాయం. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ ‘లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ కలరా’ (1985) లో ఫ్లోరెంతినో అరీసా 51 ఏళ్ల 9 నెలల 4 రోజులు ఎదురుచూసి, ఫెర్మినా దాసా భర్తను పోగొట్టుకున్న తొలి రాత్రే మళ్లీ తన ప్రేమ చెబుతాడు. ఆ భర్త, పేరున్న డాక్టరు, మామిడి చెట్టెక్కిన చిలకను పట్టుకోబోయి నిచ్చెన మీదినుంచి పడి చనిపోతాడు. చివర్లో పడవ మీద ఆ ఇద్దరు ముసలివాళ్ల దగ్గరితనాన్ని మార్క్వెజ్ పెట్టుడు పళ్లతో, ముడతలతో, వయసు తెచ్చిన వాసనతో సహా రాస్తాడు. దేన్నీ దాచడు, దేన్నీ వెక్కిరించడు. ముసలివాళ్ల ప్రేమను ముద్దు ముద్దుగానో ఎగతాళిగానో తప్ప రాయలేకపోవడం చాలా మంచి రచయితలకు కూడా ఉన్న లోపం.

వింటున్నది ఎవరు అన్నది మరో ముఖ్యమైన భాగం. ముసలి పాత్ర జ్ఞాపకాలు చెప్పుకుంటూ పోతుంటే, ఎవరికి చెబుతోంది, ఇప్పుడే ఎందుకు అనే ప్రశ్నకు జవాబు ఉండాలి. మెరిలిన్ రాబిన్సన్ ‘గిలియడ్’ (2004) లో 76 ఏళ్ల పాస్టర్, గుండె జబ్బుతో ఎక్కువ కాలం బతకనని తెలిసి, ఏడేళ్ల కొడుకు పెద్దయ్యాక చదువుకోవాలని ఉత్తరం రాస్తాడు. ఆ ఏర్పాటుతో ప్రతి చిన్న వివరానికీ అవసరం పుట్టుకొస్తుంది. కృష్ణా సోబ్తీ హిందీలో రాసిన ‘ఏ లడ్కీ’లో మంచం పట్టిన తల్లి, పక్కనున్న కూతురు, ఇద్దరి మాటలే పుస్తకం. చావబోయే తల్లి సాధువులా మాట్లాడదు. దెప్పుతుంది, ఆజ్ఞాపిస్తుంది, బతికిన రోజుల రుచి తలచుకుని మురిసిపోతుంది. చెహోవ్ 1886 నాటి కథలో కొడుకు పోయిన బండివాడు అయోనా ఎవరికి చెప్పబోయినా ఎవరూ వినరు, ఆఖరికి తన గుర్రానికి చెప్పుకుంటాడు. ఆ కథలో నాకు ఎంతో విలువైనది, ఎలా చెప్పాలో అతను మనసులో వేసుకునే వరస. జబ్బు ఎలా మొదలైంది, ఎంత బాధపడ్డాడు, పోయే ముందు ఏమన్నాడు, ఎలా పోయాడు, అంత్యక్రియలు, ఆసుపత్రికి వెళ్లి బట్టలు తెచ్చుకోవడం. దుఃఖం చెప్పుకోవాలంటే ఈ వరసే కావాలి. ఆ బట్టల దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది.

రాసినవాళ్ల వయసులు చూస్తే ముసలితనం గురించి ముసలివాళ్లే రాయాలన్న మాట నిలవదు. ‘ఎ డ్రియరీ స్టోరీ’ (1889) రాసేనాటికి చెహోవ్‌కు 29. అందులో 62 ఏళ్ల ప్రొఫెసర్, కూతురులా పెంచిన కాత్యా నేనేం చేయాలో చెప్పమని ఏడుస్తుంటే, ఏమీ తోచక, పద భోజనం చేద్దాం అంటాడు. జీవితమంతా బోధించినవాడి దగ్గర ఒక్క జవాబు లేదు. ‘ది రిమైన్స్ ఆఫ్ ద డే’ వచ్చేనాటికి ఇషిగురోకు 34. అటువైపు, జీవితం చివర్లో రాసిన ఇటలీ రచయిత లాంపెదూసా ఉన్నాడు. ‘ది లెపర్డ్’ను ప్రచురణకర్తలు తిప్పి పంపారు, అతను 1957లో పోయాడు, పుస్తకం 1958లో వచ్చింది. అందులో చనిపోతున్న ప్రభువు దోన్ ఫాబ్రిత్సియో తన 73 ఏళ్లలో నిజంగా బతికిన కాలమెంతో కూడి చూస్తాడు. రెండేళ్లు, మహా అయితే మూడు. మంచి క్షణాలను ఒక్కొక్కటిగా ఏరి లెక్కలో వేస్తాడు, వాటిలో పెంపుడు కుక్కలతో గడిపిన వేళలు కూడా ఉంటాయి. యాకొవ్ నష్టాల పుస్తకానికి ఇది మరో వైపు. పేదవాడు నష్టాలు కూడితే, ప్రభువు లాభాలు కూడాడు. రెండు మొత్తాలకూ పెద్ద తేడా లేదు.

కథల్ని పాడుచేసేవి కొన్ని పదేపదే కనబడతాయి. మంచం దగ్గర అందరూ కలిసిపోవడం అన్నిటికంటే ఎక్కువ చెడగొడుతుంది, ఎందుకంటే పశ్చాత్తాపానికి ఉన్న బలమే ఇక సరిచేయలేమన్నది. క్షమాపణ చెప్పే అవకాశం వచ్చినా, చెప్పబోయే మాట సగంలో ఆగిపోవాలి, లేదా అవతలివాళ్లకు అర్థం కాకుండా పోవాలి. చావు ముందు హఠాత్తుగా జ్ఞానం రావడం రెండోది. వస్తే రావచ్చు, దానికి ధర చెల్లించినట్టు ముందే కనబడాలి. పాత ఫొటో చూడగానే ఫ్లాష్‌బ్యాక్ మొదలవడం మూడోది. ఫొటో జ్ఞాపకాన్ని పూర్తిగా తయారుచేసి ఇచ్చేస్తుంది, పాత్ర చేయాల్సిన పని మిగలదు. విల్లో చెట్టు అలా ఇవ్వదు, యాకొవ్ దాని దగ్గరికి నడిచి వెళ్లాల్సి వచ్చింది.

చదవడం మొదలుపెట్టేవాళ్లకు వరస చెప్పమంటే, మొదట ‘రోత్‌షీల్డ్ ఫిడేలు’. ఒక్క కూర్చోడంలో అయిపోతుంది, వెంటనే రెండోసారి చదవొచ్చు. తర్వాత ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’, వీలైతే రెండు రోజుల్లో, మధ్యలో వేరే పుస్తకం ముట్టకుండా. ఆసుపత్రిలో మనవాళ్లు ఉన్న రోజుల్లో మాత్రం అది వద్దు. ఇషిగురో నవలను తొందరపడకుండా చదవాలి. స్టీవెన్స్ తన గురించి చెప్పే మాటల పక్కన, ఇతరులు అతనితో అనే మాటలకు గీతలు పెట్టుకుంటూ పోతే లోపలి కథ పైకి వస్తుంది. కవబాతాను భాగం తర్వాత భాగంగా, మధ్యలో విడుపు ఇస్తూ చదివితేనే బాగుంటుంది, అది అచ్చయింది కూడా అలాగే. తారాశంకర్ బంద్యోపాధ్యాయ బెంగాలీలో రాసిన ‘ఆరోగ్య నికేతన్’ (1953) ను వీటన్నిటి తర్వాతికి ఉంచుకోవాలి. నాడి పట్టి చావును ముందే చెప్పగల ముసలి వైద్యుడు జీవన్ మశాయ్, తన కొడుకు నాడిలో కూడా అదే చదివి, చదివింది దాచకుండా చెప్పి, భార్య దగ్గర జీవితాంతం దోషిగా నిలబడతాడు. తెలిసింది చెప్పడం ధర్మమా, దాచడం దయా అని ఇవాన్ ఇల్యీచ్ ఇంట్లో మొదలైన ప్రశ్నను ఈ నవల వైద్యుడి వైపు నుంచి తీసుకుంటుంది. రోగి వైపు నుంచి ముందు చదివి ఉంటే జీవన్ మశాయ్ మీద తీర్పు ఇవ్వడానికి అంత తొందరపడం.